ఫీజు కట్టే రోజుకు చేతికందే సాయం ఏది? కాలేజీ పిల్లల కోసం ఉన్న సేవలపై సమీక్ష

ఆగస్టు వచ్చిందంటే బీటెక్, డిగ్రీ పిల్లలున్న ఇళ్లలో మూడు ప్రశ్నలు తిరుగుతుంటాయి. ఫీజు సాయానికి ఈపాస్ పోర్టల్‌లో పెట్టారా? బ్యాంకు వాళ్లు ఏమన్నారు? హాస్టల్లో పిల్లాడు సరిగా తింటున్నాడా, ఎందుకంత ముభావంగా ఉంటున్నాడు? ఈ మూడింటికీ ప్రభుత్వం నడిపే సేవలున్నాయి. కానీ దేని గుమ్మం దానిదే, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలియదు. ఇంట్లో మాత్రం కష్టాలు జతగా వస్తాయి. ఫీజు బాకీ ఉందని హాల్ టికెట్ దగ్గర పేచీ వస్తుంది, ఆ ఆందోళనలో సబ్జెక్టు పోతుంది, సబ్జెక్టు పోయిందని ఇంట్లో చెప్పలేక పిల్లాడు ఫోన్ ఎత్తడం మానేస్తాడు.

అందుకే ఈ సమీక్షలో పోర్టల్ ఎంత అందంగా ఉంది, పథకం ఎంత పెద్దది అన్నది పక్కన పెట్టాం. అవసరం పడ్డ రోజుకీ సాయం అందిన రోజుకీ మధ్య ఎన్నాళ్లు పడుతోంది, ఆ ఆలస్యంలో మన చేతిలో ఉన్నదెంత, లేనిదెంత అన్నదే చూశాం.

తెలంగాణ ఈపాస్: అర్హత దొరకడం తేలిక, డబ్బు రావడం కష్టం

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉమ్మడి రాష్ట్రంలో 2008లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇచ్చిన పథకం. రెండు రాష్ట్రాల్లోనూ ఒక తరం ఇంజినీర్లు దాని మీదే చదువుకున్నారు. తెలంగాణలో ఇప్పటికీ దానికి దారి ఈపాస్. ఒకే అప్లికేషన్‌లో రెండు డబ్బులుంటాయి: ఆర్‌టీఎఫ్ అంటే ట్యూషన్ ఫీజు, ఎంటీఎఫ్ అంటే మెయింటెనెన్స్ ఖర్చు. కన్వీనర్ కోటాలో సీటు వచ్చి ఉండాలి, మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదు. హాజరు 75 శాతం ఉండాలి. బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు.

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. ‘రీయింబర్స్‌మెంట్ ఉంది కాబట్టి ఫీజు లేదు’ అనుకుని కాలేజీ ఎంచుకుంటారు. ఇంజినీరింగ్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పూర్తి ఫీజు వస్తుంది. బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఈఏపీసెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటేనే పూర్తి ఫీజు. ఆ ర్యాంకు దాటితే, కొన్ని మినహాయింపులు పోగా, వచ్చేది ఏడాదికి 35,000. కాలేజీ ఫీజు లక్ష ఉంటే మిగిలిన 65,000 ఇంటి నుంచే రావాలి. నాలుగేళ్లకు 2,60,000. వెబ్ ఆప్షన్లు పెట్టే రోజున కాలేజీ పేరు పక్కన ఆ అంకె రాసుకుని ఆప్షన్లు పెట్టండి. సీటు వచ్చాక ఆ లెక్క వేసుకుంటే చేయగలిగింది ఏమీ ఉండదు.

అప్లికేషన్ నింపడం కష్టమేమీ కాదు. పది మెమో, ఇంటర్ మెమో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఆధార్, అలాట్‌మెంట్ ఆర్డర్, బ్యాంకు పాస్‌బుక్ ఉంటే అరగంట పని. ఆగిపోయేది ఆ తర్వాత, అదీ దాదాపు ఎప్పుడూ మూడు చోట్లే.

మొదటిది పేరు. పది మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటుంది. లేదా మెమోలో ‘లక్ష్మీప్రసన్న’ ఒక మాట, ఆధార్‌లో మధ్యలో ఖాళీ ఉన్న రెండు మాటలు. మనిషి కంటికి ఒకటే పేరు, కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. ఇలాంటప్పుడు సరిచేయాల్సింది ఆధార్‌నే, మెమోను కాదు. మెమో సవరణ హెడ్మాస్టరు, డీఈఓ ఆఫీసు, ఎస్సెస్సీ బోర్డు తిరిగి వచ్చేసరికి విద్యా సంవత్సరం అయిపోతుంది. ఆధార్ మార్చేటప్పుడు మాత్రం జాగ్రత్త. పేరు జీవితంలో రెండుసార్లు, పుట్టిన తేదీ ఒక్కసారి మాత్రమే మార్చనిస్తారు. సెంటర్‌లో ఆపరేటర్ టైప్ చేశాక స్క్రీన్ మీద ఒక్కో అక్షరం మెమోతో సరిచూసుకుని, ఆ తర్వాతే సరే అనండి.

రెండోది వేలిముద్ర. మీసేవలో బయోమెట్రిక్ ఇవ్వాలి. పద్దెనిమిదేళ్ల పిల్లల వేలిముద్ర నాలుగు వేళ్లతో ప్రయత్నించినా పడదు. తెల్లారి రమ్మంటారు, తెల్లారీ పడదు. మిషన్ తప్పని తిట్టుకుంటారు గానీ చాలాసార్లు కారణం వేరే. ఆధార్‌లో పిల్లల బయోమెట్రిక్‌ను ఐదేళ్ల వయసులో ఒకసారి, పదిహేనేళ్ల వయసులో ఒకసారి కొత్తగా ఇవ్వాలి. పదిహేనేళ్ల అప్‌డేట్ చాలా ఇళ్లలో ఎవరికీ గుర్తుండదు. అప్పుడు సర్వర్‌లో ఉన్నది చిన్నప్పటి వేలిముద్రే, ఇప్పటి వేలితో అది ఎలా కలుస్తుంది? ఇంటర్‌లో ఉండగానే ఆధార్ సెంటర్‌కు వెళ్లి వేలిముద్రలు, కనుపాప, ఫోటో మార్పించుకుంటే ఈ తిరుగుడు మొత్తం తప్పుతుంది.

మూడోది బ్యాంకు ఖాతా. ఇక్కడ అయోమయం ఎక్కువ, కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. ‘మా ఖాతాకు ఆధార్ లింకు ఉంది’ అని అందరూ అంటారు. ఖాతాకు ఆధార్ ఇవ్వడం ఒకటి, ఆధార్‌కు ఆ బ్యాంకును ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాప్ చేయడం ఇంకొకటి. ఒక మనిషికి ఎన్ని ఖాతాలున్నా, ఆధార్ నంబర్ మీద పంపే ప్రభుత్వ డబ్బు మ్యాప్ అయిన ఆ ఒక్క బ్యాంకుకే వెళ్తుంది. సాధారణంగా చివరిగా మ్యాప్ అయినదే నిలబడుతుంది. కాలేజీలో చేరగానే క్యాంపస్‌లో ఎవరో కొత్త ఖాతా తెరిపిస్తారు, ఫారం చివర ఆధార్ సమ్మతి దగ్గర టిక్ పెట్టిస్తారు, పాత బ్యాంకు మ్యాపింగ్ పోతుంది. డబ్బు రాలేదని పాత పాస్‌బుక్ పట్టుకుని తిరుగుతారు, అది మాత్రం కొత్త ఖాతాలో పడి ఉంటుంది. మైఆధార్ సైట్‌లో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ చూస్తే ఏ బ్యాంకో, ఏ తేదీనో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని.

ఇంకో చిక్కు ఉంది. బడిలో ఉండగా తెరిచిన మైనర్ ఖాతా పద్దెనిమిదేళ్లు నిండాక తనంతట మామూలు ఖాతా అయిపోదు. కొత్త సంతకం, కొత్త కేవైసీ ఇవ్వాలి. ఇవ్వకపోతే ఖాతాను ఆపేస్తారు, స్కాలర్‌షిప్ వెనక్కి పోతుంది. రెండేళ్లుగా ఒక్క లావాదేవీ కూడా జరపని ఖాతాతోనూ చిక్కు రావచ్చు.

ఇవన్నీ సరిచేసుకుంటే కాలేజీ పరిశీలన, సంక్షేమ అధికారి పరిశీలన దాటి ‘శాంక్షన్’ అని వస్తుంది. అంతవరకూ మన చేతిలో పని. ఆ తర్వాతిది బిల్లు, ట్రెజరీ. అక్కడ నెలలు పట్టొచ్చు, ఏడాది దాటొచ్చు. బకాయిల కోసం 2025 నవంబర్‌లో తెలంగాణ ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయంటే సమస్య ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. ప్రభుత్వానికీ కాలేజీకీ మధ్య ఉండాల్సిన బాకీ చివరికి ఆఖరి ఏడాది విద్యార్థి సర్టిఫికెట్ల మీదికి వస్తోంది. ఇది అన్యాయం. పథకం ఉద్దేశం ఎంత మంచిదైనా ఈ ఒక్క లోపం వల్ల ఐదుకు రెండున్నర కంటే ఎక్కువ ఇవ్వలేం.

ఆ పరిస్థితిలో చేయగలిగింది ఇది. ఈపాస్ స్టేటస్ పేజీ ఏటా ఒక ప్రింటు తీసి దాచుకోండి, శాంక్షన్ అయిన మొత్తం, ఏ సంవత్సరానిదో కనబడేలా. కాలేజీ అడిగిందని ముందు మీ డబ్బు కట్టాల్సివస్తే రసీదు మీద ‘ట్యూషన్ ఫీజు, ఫలానా సంవత్సరం’ అని స్పష్టంగా రాయించుకోండి. ఆర్‌టీఎఫ్ వచ్చాక తిరిగి అడగడానికి ఆ రసీదు ఒక్కటే ఆధారం. ‘ఇతర ఫీజు’ అని రాసిచ్చిన రసీదుతో ఆ డబ్బు తిరిగిరాదు.

రెన్యూవల్ సంగతి కూడా చెప్పాలి. ఇది ఒకసారి పెట్టి మరిచిపోయేది కాదు, ఏటా పెట్టాలి. గడువు పొడిగిస్తారులే అన్న ధీమాతో చాలామంది ఆలస్యం చేస్తారు. నిజమే, తరచూ పొడిగిస్తారు. కానీ ఆలస్యంగా పెట్టినవాళ్ల ఫైలు కాలేజీ లాగిన్‌లో అట్టడుగున ఉంటుంది. డిటెయిన్ అయి అదే సంవత్సరం మళ్లీ చదవాల్సివస్తే దానికి రెండోసారి డబ్బు రాదు. ఆ ఏడాది ఫీజు పూర్తిగా ఇంటి మీద పడుతుంది, ఆ సంగతి తెలిసేది కూడా ఫీజు అడిగిన రోజే.

ఆంధ్రప్రదేశ్ వైపు

అక్కడి దారి జ్ఞానభూమి పోర్టల్. 2019 నుంచి 2024 దాకా ఉన్న ప్రభుత్వం విద్యా దీవెన పేరుతో ఫీజు, వసతి దీవెన పేరుతో హాస్టల్ ఖర్చు తల్లి ఖాతాలో వేసేది. వసతి దీవెనలో ఐటీఐకి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన చదువులకు 20,000. ప్రభుత్వం మారాక పాత ఆర్‌టీఎఫ్, ఎంటీఎఫ్ పేర్లు తిరిగొచ్చాయి, ఫీజును నేరుగా కాలేజీకే ఇవ్వాలని నిర్ణయించారు. తల్లి ఖాతాలో వేసే పద్ధతిలో డబ్బు వచ్చిందో లేదో ఇంటికి వెంటనే తెలిసేది. కానీ ఇంట్లో వేరే అవసరం ముంచుకొస్తే ఫీజు ఆగిపోయి, కాలేజీతో పేచీ మొదలయ్యేది. కాలేజీకే వేస్తే ఆ పేచీ ఉండదు, వచ్చిందా లేదా అన్నది మాత్రం కాలేజీ చెప్తేనే తెలుస్తుంది. మా అభిప్రాయంలో రెండో పద్ధతే నయం, ప్రతి విడతకూ విద్యార్థి ఫోన్‌కు మెసేజ్ పంపితే.

ఆదాయ పరిమితి ఇక్కడ 2.5 లక్షలు. తిరస్కరణల్లో ఎక్కువగా వినబడేది ఇంటి మ్యాపింగ్. పెళ్లై హైదరాబాద్‌లో వేరు కాపురం ఉన్న అన్న గ్రామ, వార్డు సచివాలయం రికార్డులో ఇంకా అదే ఇంట్లో ఉంటాడు. అతను ఆదాయపు పన్ను కడతాడు, అతని పేరున కారు ఉంటుంది. తమ్ముడి అప్లికేషన్ పక్కకు పోతుంది. ఇది కాలేజీలో తేలే పని కాదు. అన్న పెళ్లి సర్టిఫికెట్, ఇప్పటి చిరునామా ఆధార్ పట్టుకుని సచివాలయం రికార్డులో అతని కుటుంబాన్ని విడగొట్టించాలి. అప్లికేషన్ పెట్టాక కాదు, పెట్టడానికి ముందే.

కేంద్రం స్కాలర్‌షిప్‌లు: కలిపి తీసుకోలేమని తెలుసుకోండి

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఒకసారి రిజిస్టర్ అయితే వచ్చే నంబరు చదువంతా పనికొస్తుంది. సెంట్రల్ సెక్టార్ స్కీమ్‌లో ఇంటర్‌లో పై 20 పర్సంటైల్‌లో ఉండి ఇంటి ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవాళ్లకు డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000 ఇస్తారు. సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ కింద టెక్నికల్ కోర్సుల్లో చేరిన అమ్మాయిలకు ఏడాదికి 50,000. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకూ ఇస్తారు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు సక్షమ్, అనాథలకు స్వనాథ్ ఉన్నాయి.

ఇక్కడ ఎవరూ చెప్పని షరతు ఒకటుంది. సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లు రాష్ట్రం ఫీజు రీయింబర్స్‌మెంట్ సహా ఇంకో స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. రెంటికీ పెట్టి, రెండూ వస్తాయని ఇంటి లెక్క వేసుకుంటే దెబ్బతింటారు. 12,000 కోసం పూర్తి ఫీజు వదులుకోవడం ఏ లెక్కలోనూ లాభం కాదు. ఆర్‌టీఎఫ్‌కు అర్హత లేని ఇళ్లకు, అంటే 3, 4 లక్షల ఆదాయం ఉన్న మధ్యతరగతికి, ఈ స్కీము నిజంగా పనికొస్తుంది. అదే ఇళ్లు దీనికి అప్లై చేయడం లేదు, ‘మనకేం రావు’ అనుకుని.

విద్యా రుణం: సకాలంలో అందేది ఇదే

మా గీటురాయి మీద డబ్బు సాయాల్లో ముందు నిలిచేది బ్యాంకు రుణమే. చేదు మాటే, కానీ నిజం. ఫీజు గడువు రోజుకు కాలేజీ ఖాతాలో డబ్బు పడేది దీంతోనే.

2024 నవంబర్ 6న కేంద్ర కేబినెట్ పీఎం విద్యాలక్ష్మి అనే విద్యా రుణ పథకాన్ని ఆమోదించింది. విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల ఆధారంగా 860 విద్యాసంస్థలతో జాబితా మొదలైంది, కేంద్ర సంస్థలన్నీ అందులో ఉంటాయి. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్, ఐఐటీ తిరుపతి, నిట్ వరంగల్, తాడేపల్లిగూడెం నిట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివి. ఈ సంస్థల్లో మెరిట్ మీద సీటు వస్తే తాకట్టు, జామీను లేకుండా లోన్ ఇస్తారు. 7.5 లక్షల వరకు లోన్‌లో 75 శాతానికి ప్రభుత్వం హామీ ఉంటుంది. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల వరకు లోన్ మీద చదువు కాలం, ఆపై ఏడాది వడ్డీ రేటులో 3 శాతం ప్రభుత్వం భరిస్తుంది, ఏడాదికి లక్ష మందికి. ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సు చదువుతుంటే ఆ కాలానికి పూర్తి వడ్డీ రాయితీ వేరే పథకంలో ఉంది. ఇక్కడా అదే షరతు: వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ పొందుతున్నవాళ్లకు 3 శాతం రాయితీ రాదు.

జాబితాలో లేని కాలేజీలో చేరినవాళ్లకు బ్యాంకుల మామూలు మోడల్ స్కీమ్ ఉంటుంది. 4 లక్షల దాకా మన వాటా పెట్టనక్కర్లేదు, తాకట్టు అడగరు, తల్లిదండ్రులు సహ రుణగ్రహీతలుగా సంతకం పెడితే చాలు. 4 లక్షలు దాటితే దేశంలో చదువుకు 5 శాతం, విదేశాల్లో చదువుకు 15 శాతం మన వాటా. 7.5 లక్షలు దాటితే తాకట్టు.

వడ్డీ ఎలా పెరుగుతుందో ఒకసారి కాగితం మీద వేసుకుంటే కానీ అర్థం కాదు. ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకున్నారు, వడ్డీ 10 శాతం, చదువు అయ్యాక ఏడాది వరకూ వాయిదాలు కట్టనక్కర్లేదు. మొదటి లక్ష ఐదేళ్లు ఉంటుంది కాబట్టి 50,000 వడ్డీ, రెండో దానికి 40,000, మూడో దానికి 30,000, నాలుగో దానికి 20,000. మొత్తం 1,40,000. చదువు కాలంలో ఇది బారువడ్డీయే. కానీ వాయిదాలు మొదలయ్యే రోజున ఆ లక్షా నలభై వేలు అసలులో కలిసిపోయి బాకీ 5,40,000 అవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,140. ఆ ఐదేళ్లూ వడ్డీ మాత్రం ఎప్పటికప్పుడు కట్టుకుంటూ వచ్చి ఉంటే వాయిదా సుమారు 5,290.

ఎప్పటికప్పుడు అంటే ఎంత? మొదటి ఏడాది నెలకు 833, రెండో ఏడాది 1,667, మూడో ఏడాది 2,500, ఆ తర్వాత 3,333. మొదటి రెండేళ్ల మొత్తాలు చాలా ఇళ్లు భరించగలవు. అన్నీ కట్టలేకపోయినా ఆ రెండేళ్లు కడితేనే 30,000 దాకా తగ్గుతుంది. లోన్ ఇచ్చే రోజున ఈ లెక్క వేసి చూపించే బ్రాంచి అరుదు, అడిగి వేయించుకోండి.

లోన్ తిరస్కరణల్లో ఎక్కువగా చెప్పే కారణం, ‘మీ ఇల్లు మా పరిధిలో లేదు, మీ ఊరి బ్రాంచికి వెళ్లండి’. విద్యా రుణాలకు సర్వీస్ ఏరియా నిబంధన వర్తించదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. ఆ సంగతి మర్యాదగా గుర్తుచేసి, అప్పటికీ కాదంటే కారణం రాసివ్వమని అడగండి. లోన్ కాదనాలంటే పై అధికారి అనుమతి ఉండాలి, కారణం చెప్పాలి అన్నది మోడల్ స్కీమ్‌లోనే ఉంది. నోటిమాట తిరస్కరణతో వెనక్కి రావద్దు. కౌంటర్ దగ్గర అడిగేకంటే విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెడితే నంబరు, తేదీ ఉంటాయి. అందుకే దారి అక్కడి నుంచే మొదలుపెట్టడం మంచిది. రెండో కారణం తండ్రి సిబిల్ స్కోరు. ఎప్పుడో తీసుకుని మరిచిపోయిన బైకు లోన్‌లో రెండు వాయిదాలు మిగిలి ఉన్నా అది పైకొస్తుంది. ఇంటర్ రెండో ఏడాదిలోనే ఒకసారి రిపోర్టు తీసి చూసుకుంటే, సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది.

ఇంకో మాట. వడ్డీ రాయితీ తనంతట రాదు. తహసీల్దారు ఇచ్చిన ఆదాయ సర్టిఫికెట్ బ్రాంచిలో ఇవ్వాలి, క్లెయిమ్ వేశారా లేదా అని అడగాలి. బ్రాంచి మర్చిపోతే నష్టం మీదే. ఐదుకు మూడున్నర ఇస్తాం. మిగతా ఒకటిన్నర కోత బ్రాంచి స్థాయి నిర్లక్ష్యానికి.

14416: ఆలస్యం లేని సేవ

మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ను కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది. నంబరు 14416, లేదా 1800 891 4416. 24 గంటలూ, ఉచితం, తెలుగుతో కలిపి 20 భాషల్లో. వెనక బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ ఉంది. అప్లికేషన్ లేదు, ఆదాయ సర్టిఫికెట్ లేదు, కాలేజీ సంతకం లేదు. ఈ సమీక్షలో ఉన్న సేవలన్నింటిలో అవసరానికీ సాయానికీ మధ్య దూరం నిమిషాల్లో ఉన్నది ఇదొక్కటే.

కాల్ చేస్తే ముందు భాష ఎంచుకోవాలి, తర్వాత శిక్షణ ఉన్న కౌన్సెలర్ మాట్లాడతారు. వాళ్లు ‘ధైర్యంగా ఉండు’ అని ఫోన్ పెట్టేయరు. నిద్ర ఎలా ఉంది, తింటున్నావా, ఎన్నాళ్లుగా ఇలా ఉంది, ఒంటరిగా ఉన్నావా, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడుగుతారు. ఆ చివరి ప్రశ్న విని తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు, అడిగితే ఆ ఆలోచన కలుగుతుందేమోనని. కలగదు. దాచుకున్న మాట బయటికి చెప్పే వీలు దొరుకుతుంది. మందులో, డాక్టరో అవసరమనిపిస్తే సైకియాట్రిస్టుకు, జిల్లా మానసిక ఆరోగ్య విభాగానికి కలుపుతారు.

దీనితో కానిది కూడా తెలియాలి. ఇది వారం వారం ఒకే మనిషితో సాగే చికిత్స కాదు. మళ్లీ కాల్ చేస్తే వేరే గొంతు వినిపించవచ్చు, కథ మొదటి నుంచి చెప్పాల్సి రావచ్చు. అలాంటప్పుడు విసిగి మానేయకుండా, ముందు కాల్‌లో ఏం చెప్పారో రెండు వాక్యాలు రాసుకుని ఉంచుకుంటే పని తేలికవుతుంది. పక్కనున్న స్నేహితుడు ఇప్పుడే ప్రమాదంలో ఉన్నాడనిపిస్తే ఫోన్ కంటే ముందు మనిషి కావాలి. ఒంటరిగా వదలకండి, 112కు కాల్ చేయండి, వార్డెన్‌ను లేపండి. రహస్యం దాస్తానని మాట ఇచ్చి ఉన్నా సరే.

స్నేహితులు, తల్లిదండ్రులు కూడా ఈ నంబరుకు కాల్ చేయొచ్చు, ‘మావాడు ఇలా ఉన్నాడు, ఎలా మాట్లాడాలి’ అని. ఇది చాలామందికి తెలియదు.

విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వందమంది, అంతకుమించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ కనీసం ఒకరుండాలి, టెలీ మానస్ నంబరు హాస్టళ్లలో, తరగతుల్లో కనబడేలా రాసిపెట్టాలి. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ల్యాబులు, ప్లేస్‌మెంట్ బోర్డు చూసే తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న కలపండి: కౌన్సెలర్ గది ఎక్కడ, వారంలో ఎన్ని రోజులు ఉంటారు? గణితం లెక్చరర్‌కే ఆ పని అప్పగించామని చెప్తే, ఆ గదికి ఎవరూ వెళ్లరని అర్థం. ఇంటర్నల్ మార్కులు వేసే మనిషి దగ్గర ఏ పిల్లా మనసు విప్పదు.

వేధింపులు, ర్యాగింగ్ అయితే నంబరు వేరు: 1800 180 5522, ఇదీ 24 గంటలు. పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు.

చదువు వెనకబడితే: ఎన్‌పీటెల్

ట్యూషన్ పెట్టించుకునే స్తోమత లేనివాళ్లకు ఎన్‌పీటెల్ సైట్‌లో ఐఐటీ, ఐఐఎస్సీ అధ్యాపకుల వీడియో పాఠాలు ఉచితం. పరీక్ష రాయాలంటే మాత్రం 1,000 రూపాయలు, దానికి వేరే రిజిస్ట్రేషన్. కోర్సులో చేరినంత మాత్రాన పరీక్షకు పేరు ఎక్కదు, ఏటా ఎందరో ఇక్కడ పొరపడతారు. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. సర్టిఫికెట్ కావాలంటే 25కి 10, 75కి 30 విడివిడిగా రావాలి. 12 వారాల కోర్సులో 8 మంచి అసైన్‌మెంట్లే లెక్కలోకి తీసుకుంటారు, కాబట్టి మిడ్ పరీక్షల వారంలో ఒకటి రెండు వదిలినా నష్టం లేదు.

బ్యాక్‌లాగ్ ఉన్న సబ్జెక్టుకు దీన్ని వాడేటప్పుడు మొత్తం కోర్సు చూడాలని కూర్చోకండి. సిలబస్ కాగితం పక్కన పెట్టుకుని ఏ యూనిట్‌కు ఏ వారం పాఠమో గుర్తుపెట్టుకుని అవి మాత్రం చూడండి. పాఠం ఇంగ్లీషులో వేగంగా సాగుతుంది, తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్లకు మొదటి రెండు వారాలు ఇబ్బందే. పాఠం రాతప్రతి ముందు చదివి తర్వాత వీడియో చూస్తే అర్థమవుతుంది. బాగా పనిచేసే సేవ, అయితే తనంతట కదిలేవాళ్లకే.

ఫీజు వాపసు, ఫిర్యాదు

సీటు మార్చుకునేవాళ్లకు యూజీసీ 2018 నిబంధన గుర్తుండాలి. ప్రవేశాల ఆఖరు తేదీకి 15 రోజులో అంతకుమించో ముందు రద్దు చేసుకుంటే పూర్తి ఫీజు, 15 రోజుల లోపు ముందైతే 90 శాతం, ఆఖరు తేదీ తర్వాత 15 రోజుల్లో 80, నెలలోపు 50, నెల దాటితే ఏమీ రాదు. పూర్తి ఫీజు ఇచ్చినప్పుడు ప్రాసెసింగ్ కింద 5 శాతం, అదీ గరిష్ఠంగా 5,000 మాత్రమే పట్టుకోవచ్చు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి, కాపీలు ఉంచుకుని తిరిగి ఇచ్చేయాలి. మాట్లాడి తేల్చుకుందామని పది రోజులు గడిపితే 90 కాస్తా 80 అవుతుంది, కాబట్టి రద్దు లేఖ ఈమెయిల్‌లో వెంటనే పంపండి.

కాలేజీ వినకపోతే, యూజీసీ 2023 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థి ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో ఒక విద్యార్థి ప్రతినిధి కూడా. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే 15 రోజుల్లో యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కు (ఫిర్యాదులు విని తేల్చే అధికారి) అప్పీలు చేసుకోవచ్చు. ఫిర్యాదు ఒక పేజీకి మించనివ్వకండి: తేదీలు, కట్టిన మొత్తం, రసీదు నంబర్లు, ఏం కావాలో ఒక్క వాక్యం. కోపం, కథ వద్దు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి ఇచ్చి, మీ కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. గుమాస్తా ‘సార్ లేరు, రేపు రండి’ అంటే అదే కాగితం అక్కడి పోస్టాఫీసు నుంచి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. 15 పనిదినాల లెక్కకు ఆ రసీదు మీది తేదీ సరిపోతుంది.